విరేచనాలు పడితే నీళ్లు ఆపకండి

నిన్న రాత్రిబడికి ఒక అక్క ఆలస్యంగా వచ్చింది.

"బాబుకి పొద్దుటినుంచి విరేచనాలు టీచరమ్మా. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయని మా అత్త పాలు, నీళ్లు ఆపేసింది" అంది.

నారు వాడిపోతే మడికి నీళ్లు ఆపుతామా? ఇంకా పెడతాం. బిడ్డ కూడా అంతే. విరేచనాలతో ఒంట్లోని నీరు, ఉప్పు బయటకు పోతాయి. అవి బాగా తగ్గితే బిడ్డ ప్రాణానికే ముప్పు.

ఏం చెయ్యాలి?

ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆశా కార్యకర్తను అడగండి. పొట్లం మీద రాసినన్ని నీళ్లు కాచి చల్లార్చి, పొడి అంతా కలపండి. విరేచనం అయినప్పుడల్లా చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. మిగిలింది మర్నాడు పారబోయండి. తల్లిపాలు మానకండి. జింకు మాత్రలు ఇస్తే, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యండి.

ఆసుపత్రికి ఎప్పుడు?

కళ్లు లోతుకు పోయినా, ఒంటేలు రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే తీసుకెళ్లండి.

రాకుండా ఎలా?

దొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డకు కడిగాక, అన్నం పెట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. తాగే నీళ్లు కాచి, మూత పెట్టండి.

"ఈ పాఠం మీ అత్తకి చదివి వినిపించు అక్కా" అన్నాను. ఆ రాత్రే వినిపించిందట. అత్తే బాబుకి చెంచాతో పట్టిందట.

గోడ మీద సుద్దతో రాయండి. పొట్లం లేనప్పుడు పనికొస్తుంది:

1 లీటరు నీళ్లు
6 టీ చెంచాల పంచదార
అర టీ చెంచా ఉప్పు

చెంచా తలగొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.