ఇల్లు ట్రైలర్ మీద వస్తుంది, అనుమతి రాదు

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వెళ్తుంటే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన రెడీమేడ్ ఇళ్లు అమ్మే యార్డులు కనిపిస్తాయి. చెక్క పలకల్లా కనిపించే గోడలు, చిన్న వరండా, అద్దాల తలుపు, లోపల చల్లగా ఏసీ. "నలభై అయిదు రోజుల్లో మీ ప్లాట్‌లో దించేస్తాం సార్, పర్మిషన్ కూడా అక్కర్లేదు" అంటాడు సేల్స్ కుర్రాడు. శామీర్‌పేట దగ్గర నాన్నగారు కొన్న అరెకరమో, తను కొనుక్కున్న పది గుంటలో ఉన్న ఉద్యోగికి ఆ మాట వినగానే మనసులో లెక్కలు మొదలవుతాయి. ఒక ప్రీఫ్యాబ్ ఇల్లు, చుట్టూ నాలుగు చెట్లు, గేటుకు 'ఎకో స్టే' అని బోర్డు, వీకెండ్ అద్దె. ఈఎంఐలు, పిల్లల ఫీజులు, వచ్చే ఏడు ఈ ప్రాజెక్టు ఉంటుందో లేదో తెలియని ఉద్యోగాలు. ఇంకో ఆదాయం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ కుర్రాడి మాటలో మొదటి సగం మాత్రమే నిజం.

'కదిపి తీసుకెళ్లగలిగే ఇల్లు కాబట్టి నిర్మాణం కిందికి రాదు' అన్న ధైర్యంతోనే చాలామంది అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నాలుగు కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టి, బాత్రూమ్ కట్టి, సెప్టిక్ ట్యాంక్ తవ్వి, కరెంటు లాగాక అది అధికారి కంటికి కట్టడమే. పైగా అందులో డబ్బు తీసుకుని జనాన్ని దింపుతున్నారు కాబట్టి వాణిజ్య కట్టడం. అందుకే ఇంటి మోడల్ కంటే ముందు చూడాల్సింది భూమి కాగితం. భూభారతి పోర్టల్‌లో మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి అయితే కథ అక్కడితో ఆపేయండి, 1977 నాటి చట్టం ప్రకారం ఆ కొనుగోలే చెల్లదు. పట్టా భూమి అయితే వ్యవసాయేతర వాడకానికి మార్పిడి, అంటే మనందరం 'నాలా' అనేది, చేయించాలి. ఆ తర్వాత హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ 2031లో ఆ నంబరు ఏ జోన్‌లో పడిందో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కన్జర్వేషన్ జోన్ అని వస్తే రిసార్టు ఆలోచన పక్కన పెట్టడమే మంచిది.

గుంటల లెక్కన కొన్న ఫామ్ ప్లాట్లది ఇంకో చిక్కు. వాటిలో చాలావాటికి లేఅవుట్ అనుమతి ఉండదు. పాస్‌బుక్ మీ పేరున ఉంటుంది గానీ బ్రోచర్‌లో ముప్పై అడుగుల రోడ్డుగా చూపించిన జాగా ఇంకా ఎవరి పట్టాలోనో ఉంటుంది. ఆ పట్టాదారు ఒక పొద్దున కడీలు పాతేస్తే మీ గెస్టులు కారు ఎక్కడ ఆపుతారు?

ఇక చెరువులు. శామీర్‌పేట పెద్ద చెరువు కనిపించే ప్లాట్‌కు రేటు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. 2012 నాటి భవన నిబంధనల (జీవో 168) ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలాలి. వేసవిలో చూసి 'నీళ్లు అంత దూరంలో ఉన్నాయిగా' అనుకోవద్దు. ఎఫ్‌టీఎల్ అంటే నిండు చెరువు గీత, మే నెల గీత కాదు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లోపల 2024 జులై నుంచి చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ పనిచేస్తోంది, బయట రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లున్నారు. ఇంటిని దించడానికి వచ్చేదీ హైడ్రా క్రేనే, హద్దు చూసుకోకపోతే లేపడానికి వచ్చేదీ హైడ్రానే.

మాది హోమ్‌స్టే, హోటల్ కాదు అని కొందరు అంటుంటారు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి. మీరు మియాపూర్ ఫ్లాట్‌లో ఉంటూ తాళం చెవి వాచ్‌మన్ చేతిలో పెడితే అది హోమ్‌స్టే కాదు. కరెంటు దగ్గర కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. బోరు మోటారుకు ఇచ్చిన వ్యవసాయ కనెక్షన్ నుంచి వైరు లాగి ఏసీ నడిపితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది, టారిఫ్‌కు రెట్టింపు కట్టిస్తారు. వాణిజ్య కేటగిరీలో వేరే మీటరు తీసుకోండి.

భూమి తేలిందనుకుందాం. ఇప్పుడు యార్డుకు వెళ్లండి, కానీ ఆదివారం సాయంత్రం కాదు. ఏప్రిల్‌లో, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. నమూనా ఇంట్లో ఏసీ ఆపించి అరగంట కూర్చోండి. పడమటి గోడకు లోపలి వైపు అరచెయ్యి ఆనించండి. చెయ్యి వెంటనే తీసేయాల్సి వస్తే ఆ గోడలో ఇన్సులేషన్ లేదు, లేదా పేరుకే ఉంది. పఫ్ (పాలీయురేథేన్ ఫోమ్) ప్యానెల్ అని ఒక్క మాట రాసిన కొటేషన్ ఒప్పుకోవద్దు. 50 మి.మీ.నా, 75నా, 100నా? సాంద్రత ఎంత? రెండు వైపులా రేకు మందమెంత? థర్మోకోల్ నింపిన ప్యానెల్‌ను కూడా అదే పేరుతో అంటగట్టేవాళ్లున్నారు, కోసిన ముక్క అడిగి చూడండి. మా చుట్టుపక్కల ఎండకు గోడలకు 75, పైకప్పుకు 100 లేకపోతే ఏసీ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. పైకప్పు మీద ఒక అడుగు ఖాళీ వదిలి రెండో రేకు వేయిస్తే వేడీ తగ్గుతుంది, వాన చప్పుడూ తగ్గుతుంది. పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. పెద్ద ఖర్చేమీ కాదు.

వాన పరీక్ష కూడా యార్డులోనే చేయాలి. గార్డెన్ పైపు పెట్టి కిటికీ మీద పావుగంట నీళ్లు కొట్టించండి. ప్రీఫ్యాబ్ ఇళ్లు కారేది గోడ మధ్యలో కాదు, కిటికీ గడప దగ్గర, రెండు ప్యానెళ్లు కలిసే కీలు దగ్గర, ఏసీ పైపు కోసం తర్వాత కొట్టిన రంధ్రం దగ్గర. అక్కడ పూసిన సిలికాన్ రెండు మూడు వేసవులకు ఎండి విడిపోతుంది. దాన్ని ఏటా మే నెలలో మళ్లీ పూయించడం మీ మెయింటెనెన్స్ క్యాలెండర్‌లో ఉండాలి.

గాలి సంగతి చాలామందికి గుర్తే రాదు. జాతీయ ప్రమాణం ఐఎస్ 875లో హైదరాబాద్‌కు బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 44 మీటర్లు. 2024 మే 26 ఆదివారం సాయంత్రం వచ్చిన గాలివాన రాష్ట్రంలో పది మందికి పైగా ప్రాణాలు తీసింది. తేలికైన ఇంటికి పునాది బరువు మోయడానికే కాదు, పట్టి ఉంచడానికి కూడా. దిమ్మెలోకి యాంకర్ బోల్టులు దిగాయో లేదో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇనుప చట్రం ఇల్లు కాబట్టి ఎర్తింగ్, షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ బ్రేకర్ లేకుండా ఒక్క రాత్రి కూడా గెస్టును దింపొద్దు. పఫ్ అంటుకుంటే పొగే మనిషిని పడగొడుతుంది. అందుకని వంటగది గట్టు వరండాలోకి మార్చి, పడకగదికి రెండో తలుపు పెట్టించండి.

ఒప్పందంలో సగం డబ్బు ముందే అడుగుతారు. బేరమాడి ముప్పై శాతానికి దించండి, చట్రం పూర్తయ్యాక కొంత, దించాక కొంత ఇచ్చి, చివరి పది శాతం మొదటి వానాకాలం గడిచాకే ఇస్తానని రాయించుకోండి. నలభై అడుగుల ట్రైలర్ శామీర్‌పేట దగ్గరి అలియాబాద్ లోపలి దారుల్లో మలుపు తిరగలేక ఆగిపోతే, కిందికి వేలాడే కరెంటు తీగలు అడ్డొస్తే, క్రేన్ ఇంకో రోజు నిలబడాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి. ఈ గొడవ దాదాపు ప్రతి సైటులో వస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. అంకెలు ఉదాహరణకే, మీ కొటేషన్లతో మార్చుకోండి. నాలుగు వందల చదరపు అడుగుల ఒక ఇల్లు, అడుగు 1,600 చొప్పున 6.40 లక్షలు. 18 శాతం జీఎస్టీతో 7.55. దిమ్మెలు, ట్రైలర్, క్రేన్ 1.25. సెప్టిక్, ప్లంబింగ్ 1.00. బోరు, మోటారు, ట్యాంకు 2.00. కరెంటు కనెక్షన్, ఇన్వర్టర్ 0.90. ఏసీ, మంచాలు, పరుపులు, సామాను 2.30. కంచె, గేటు, సీసీ కెమెరాలు 1.50. మొత్తం 16.50 లక్షలు. యార్డులో విన్న అంకె ఇందులో సగం కూడా లేదు.

నెలకు తొమ్మిది రాత్రులు, రాత్రికి 4,500 వచ్చాయనుకుందాం. రాబడి 40,500. కేర్‌టేకర్ జీతం 15,000, కరెంటు 3,500, లాండ్రీ, క్లీనింగ్ 4,500, ప్లాట్‌ఫారమ్ కమీషన్ 15 శాతం అనుకుంటే 6,075, నీళ్లు 2,000, రిపేర్లు 3,000, ఇంటర్నెట్ 800. మిగిలేది 5,625. ఏడాదికి 67,500, పెట్టుబడి మీద నాలుగు శాతం. భూమి విలువ ఇందులో కలపనే లేదు. పర్సనల్ లోన్ తెచ్చి చేసినవాడు నెలనెలా జీతం నుంచి ఎదురు పెట్టుకుంటాడు. వ్యవసాయ భూమిలో ప్రీఫ్యాబ్‌కు హోమ్ లోన్ దొరకడం కష్టం కాబట్టి చాలామంది చేసేది అదే.

మూడు ఇళ్లు పెడితే లెక్క మారుతుంది, ఎందుకంటే కేర్‌టేకర్, బోరు, కంచె ఒక్కటే. అదనపు ఇల్లు ఒక్కొక్కటి 11.50 లక్షలు అనుకుంటే పెట్టుబడి 39.50. మూడూ అదే లెక్కన నిండితే రాబడి 1,21,500, ఖర్చులు డెబ్బై మూడు వేల దాకా, మిగిలేది నలభై ఎనిమిది వేలు. పదిహేను శాతం చుట్టుపక్కల. కానీ 'నిండితే' అన్న మాట దగ్గరే అసలు కష్టం. శనివారం రాత్రి అందరికీ నిండుతుంది. మంగళవారం ఎవరొస్తారు? శామీర్‌పేట వైపు దానికి జవాబుంది: తుర్కపల్లి జీనోమ్ వ్యాలీకి పని మీద వచ్చేవాళ్లు, బిట్స్ పిలానీ, నల్సార్ క్యాంపస్‌లకు వచ్చే తల్లిదండ్రులు. వాళ్లకు కావాల్సింది స్విమ్మింగ్ పూల్ కాదు. మంచి వైఫై, రాసుకునే బల్ల, జీఎస్టీ బిల్లు. మేడ్చల్ హైవే వైపు ఆ గిరాకీ ఇంత దగ్గరగా దొరకదు, అక్కడ ఎక్కువగా వీకెండ్ గుంపుల మీదే ఆధారపడాలి.

పన్నుల గురించి రెండు ముక్కలు. రోజుకు 7,500 దాకా ఉన్న గది అద్దె మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. కాబట్టి ఇల్లు కొన్నప్పుడు కట్టిన 18 శాతం ఖర్చు కిందే పోతుంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు.

'ఎకో' అన్న బోర్డు గురించి కూడా జాగ్రత్త. ఇనుము, పఫ్ వాడిన ఇల్లు ప్రీఫ్యాబ్ అయినంత మాత్రాన పర్యావరణహితం అయిపోదు. సిమెంటు, ఇసుక, నీళ్లు, సైటు చెత్త తగ్గుతాయి, అది నిజమే. మిగతాది మీరు నడిపే తీరును బట్టి ఉంటుంది: నేల చదును చేయకుండా, బండలు పేల్చకుండా దిమ్మెల మీద కూర్చోబెట్టడం, స్నానాల నీళ్లు మెట్టతామర మడికి మళ్లించడం, గీజరుకు సోలార్. వేసవిలో ట్యాంకర్ నీళ్లతో పూల్ నింపుతూ ఎకో అని రాస్తే, గ్రీన్‌వాషింగ్ మీద 2024 అక్టోబర్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు మీ ప్రకటనకూ వర్తిస్తాయి. చేసిందేదో అదే రాయండి. 'ప్రశాంతత' అని రాసేముందు కూడా ఒక పగలు, ఒక రాత్రి అక్కడ ఉండి చూడండి. హకీంపేట వైపు విమానాల మోత, గాలి మళ్లినప్పుడు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన, ఇవి మీరు రాయకపోయినా గెస్టు రివ్యూలో రాస్తాడు.

ఇక మనుషులు. ఈ ప్రాంతంలో ఫామ్‌హౌస్ పార్టీల మీద పోలీసు దాడుల వార్తలు కొత్త కావు. బుకింగ్ నలుగురి పేరు మీద ఉంటుంది, ఇరవై మంది దిగుతారు, డీజే బాక్స్ డిక్కీలో ఉంటుంది. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ నిషేధం, ఈవెంట్‌లో మద్యానికి ఎక్సైజ్ పర్మిట్ కావాలి, విదేశీ గెస్టు వస్తే 24 గంటల్లో వివరాలు అప్‌లోడ్ చేయాలి. కేసు అయితే స్టేషన్‌కు పిలిచేది మిమ్మల్నే. ప్రతి పెద్దవారి ఐడీ కాపీ తీసుకోండి, అదనపు మనుషులకు ప్రవేశం లేదని బుకింగ్‌లోనే రాయండి, ఆ మాట గేటు దగ్గర గట్టిగా చెప్పగల కేర్‌టేకర్‌ను ఊళ్లోంచే పెట్టుకోండి.

మీ ఉద్యోగం సంగతి చూసుకున్నారా? ప్రభుత్వ ఉద్యోగికి 1964 నాటి ప్రవర్తన నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయడం కుదరదు, స్థిరాస్తి కొనుగోలుకూ నిబంధనలున్నాయి. ప్రైవేటు ఉద్యోగి అయితే ఆఫర్ లెటర్‌లోని ఇతర వ్యాపకాల క్లాజ్ చదివి, అవసరమైతే హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో చెప్పి జవాబు దాచుకోండి. భార్య పేరు మీద పెట్టి తను నడిపే పద్ధతి ఫిర్యాదు వచ్చేదాకానే పనికొస్తుంది.

శనివారం రాత్రి పదకొండింటికి మోటారు కాలిపోతే ఫోన్ ఎత్తి అరగంటలో మనిషిని పంపగలిగిన వాళ్లు మీ ఇంట్లో ఒకరైనా ఉంటేనే దిగండి. రిలీజ్ వీకెండ్లు, నైట్ షిఫ్ట్‌లు ఉన్న ఉద్యోగాలకు ఇది సరిపడదు. అలాంటప్పుడు కాగితాలు సరిచేసిన ఆ భూమిని నడపగలిగిన వాళ్లకు లీజుకివ్వండి, ఒప్పందం మాత్రం రిజిస్టర్ చేయించండి.