నీటి అడుగున కెమెరా కన్ను

చినుకు కోసం ఆకాశం వైపు చూసే సీమలో నీటి అడుగున ఛాయాచిత్రాలు తీయడాన్ని గూర్చి వ్యాసమా అని పాఠకులు సందేహించవచ్చు. మాకును మొదట అట్లే తోచింది. అయితే ఒక వేసవిలో విద్యార్థులతో సంగమేశ్వరం వెళ్లినప్పుడు జరిగిన చిన్న సంఘటన మా అభిప్రాయాన్ని మార్చివేసింది.

శ్రీశైలం జలాశయంలో నీరు తగ్గి ఆలయం బయటపడిన రోజులవి. మా విద్యార్థి ఒకని చేతిలో అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన కెమెరా ఉన్నది. ఒడ్డున కూర్చున్న వృద్ధులొకరు దానిని చూచి, "సారూ, ఇది నీళ్లలో గూడా చూస్తాదంట గదా! మా ఊరు ఇంకా నీళ్లలోనే ఉండాది. మసీదు మెట్లన్నా కనపడ్తాయా?" అని అడిగినారు. శ్రీశైలం ప్రాజెక్టు వల్ల కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేక గ్రామాలు ముంపునకు గురైన సంగతి అందరికీ తెలిసినదే. ఆ ప్రశ్న వినగానే మా విద్యార్థి, "నేను మునిగి తీసుకొస్తా సార్" అని చొక్కా విప్పబోయినాడు. మేము వాని చేయి పట్టుకొని ఆపినాము కాని, వృద్ధునికి సమాధానం చెప్పలేకపోయినాము. తరువాత భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి తెలిసికొన్న విషయాలను ఇక్కడ విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

నీటిలో మునిగి ముత్యాలు తెచ్చేవానిని ఉర్దూలో గవ్వాస్ అంటారు. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా ఆస్థానంలోని దక్కనీ కవి గవ్వాసీ కలం పేరు ఆ మాట నుండి వచ్చినదే. నాటి గవ్వాస్‌కు ఊపిరి బిగబట్టినంత సేపే నీటిలో బ్రతుకు. 1943లో ఫ్రాన్సు దేశంలో కుస్తో, గాన్యాన్ అనే ఇరువురు, వీపున గాలి సిలిండరు కట్టుకొని స్వేచ్ఛగా శ్వాసించే సాధనాన్ని రూపొందించినారు. నీటిలో ఛాయాచిత్రాలు అంతకు ముందే వచ్చినవి. లూయీ బూతాన్ అనే శాస్త్రజ్ఞుడు 1893లోనే ఆ పని సాధించినాడు. ఆనాటి బరువైన పెట్టె నేడు అరచేతిలో ఇమిడిపోయింది. ఇటీవలి గోప్రో కెమెరాలు సాధారణంగా కవచం లేకుండ 10 మీటర్ల లోతు వరకు, వాటికై చేసిన కవచంతో 60 మీటర్ల వరకు నీటిని తట్టుకొంటాయి.

కెమెరా తట్టుకొన్నంత మాత్రాన చిత్రం వస్తుందా? రాదు. చూపు కంటి నుండి వెలువడదని, వస్తువు నుండి కాంతియే కంటికి చేరుతుందని పదకొండవ శతాబ్దంలో ఇబ్న్ అల్ హైథమ్ నిరూపించినాడు. కాబట్టి కాంతి నీటిలో ఏమవుతుందో ముందు తెలియాలి. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. అందువల్ల నాలుగు అడుగుల దూరంలోని చేప మూడు అడుగుల దూరంలో ఉన్నట్లు తోస్తుంది. మయసభలో దుర్యోధనుడు పడిన భ్రమ వంటిదే ఇదియును. రెండవది, నీరు రంగులను ఒక్కొక్కటిగా మింగివేస్తుంది. మొదటి కొన్ని మీటర్లలోనే ఎరుపు క్షీణిస్తుంది. ఇంకను దిగినకొలది నారింజ, ఆపై పసుపు పోయి, నీలం ఆకుపచ్చలు మాత్రమే మిగులుతాయి. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న సి.వి. రామన్, 1921 నాటి సముద్ర ప్రయాణం తరువాత, సముద్రపు నీలిమ కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదని, నీటి అణువులే కాంతిని వెదజల్లుతాయని చూపినాడు. మూడవది బురద. నీటిలో తేలే రేణువులపై దీపం వేస్తే, అవే తిరిగి మెరిసి చిత్రమంతా తెల్లని చుక్కలతో నిండిపోతుంది.

ఇందుకు ఉపాయాలు లేకపోలేదు. వస్తువుకు వీలైనంత దగ్గరగా పోవాలి. మధ్యనున్న నీరు ఎంత తగ్గితే చిత్రం అంత స్పష్టం. సూర్యుడు వెనుక ఉండాలి. లోతులో ఎర్రని వడపోత అద్దం కొంత మేలు చేస్తుంది. దీపాన్ని ఎదురుగా గాక ప్రక్క నుండి వేయాలి. నీటిలో తాకుడు తెర పనిచేయదు గనుక మీటలతోనే నడపాలి. కవచం అంచునున్న రబ్బరు వలయంపై ఒక వెంట్రుక చిక్కినా నీరు లోనికి వస్తుంది. కనుక మొదట ఖాళీ కవచాన్ని ముంచి పరీక్షించాలి. సముద్రం నుండి వచ్చిన వెంటనే మంచినీటితో కడగాలి.

అయితే వీటన్నింటికన్న ముఖ్యమైన పాఠం మనిషిని గూర్చినది. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలంపై కన్న రెండింతలు. అక్కడ సిలిండరు గాలిని నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, బాయిల్ సూత్రం ప్రకారం ఆ గాలి రెండింతలుగా వ్యాపించి ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుకే శ్వాస ఎన్నడూ ఆపరాదు, నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి రారాదు, ఒంటరిగా దిగరాదు. ప్రాథమిక శిక్షణ పొందినవారికి విధించే హద్దు సాధారణంగా 18 మీటర్లే. కెమెరాపై దృష్టి నిలిపినవాడు లోతునూ, గాలి ముల్లునూ, తోటివానినీ మరచిపోతాడు. కాబట్టి నీటిలో శరీరాన్ని నిశ్చలంగా నిలుపగల నేర్పు వచ్చిన తరువాతనే కెమెరా చేతికి తీసికోవాలి. విశాఖపట్నం రుషికొండ తీరంలో శిక్షకుల వెంట సముద్రంలోనికి దిగే వసతి ఉన్నది. మన కె.సి. కాలువ గాని, జలాశయాలు గాని అందుకు తగిన చోట్లు కావు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన పడవ అక్టోబరు 22న గాని పైకి రాలేదు. లోతు, సుడులు, బురదనీరు అనుభవజ్ఞులకే అడ్డు నిలిచినవి. వరదనీటి ఒండ్రు పేరుకొన్న కృష్ణలో ఈత మాత్రమే వచ్చిన పిల్లవాడు చొక్కా విప్పి దిగితే ఏమగునో ఊహించలేమా? కెమెరాకు కవచం ఉన్నది. మనిషికి శిక్షణయే కవచం.

కొన్ని వారాలకు మేము మరల అక్కడికి పోయి ఆ వృద్ధునితో, "కనపడదు పెద్దాయనా, ఒండ్రు కప్పేసి ఉంటుంది" అని నిజమే చెప్పినాము. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. అప్పుడు మా విద్యార్థి ఆ కెమెరానే ఆయన ముందు నిలిపి, "మీ మసీదుకు మెట్లెన్ని తాతా?" అని అడిగినాడు. ఆయన వ్రేళ్లపై లెక్కించడం మొదలుపెట్టినారు. మెట్లు, బావి, చింతచెట్టు, ఎవరి ఇల్లు ఎవరి ఇంటి ప్రక్కన ఉన్నదీ వరుసగా చెప్పుకొనిపోయినారు. ప్రొద్దు వాలే వరకు కెమెరా నడిచింది.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి రెండు. విద్యార్థులకు ఈతలోను, నీటి ప్రమాదాల నివారణలోను శిక్షణ ఏర్పాటు చేయాలి. ముంపు గ్రామాల పెద్దలు మన మధ్య ఉండగానే వారి మాటలను పదిలపరచే పని విద్యార్థులకు అప్పగించాలి. మొదటిది ప్రాణాలను కాపాడుతుంది. రెండవది, నీరు ఇక తిరిగి ఇవ్వని ఊళ్లను కొంతలో కొంతైనా దక్కిస్తుంది.