కుక్కకు ఫ్లీలు – ఇంటిల్లిపాదికీ దురద

పండుగకని ఇంటికి తాళం వేసి పది రోజులు ఊరెళ్లారు. కుక్కను పక్కింటివారికి అప్పగించారు. తిరిగి వచ్చి తలుపు తీసి, సామాను లోపల పెట్టేలోపే పిల్లల కాళ్లకు ఏదో కుట్టడం మొదలైంది. సాయంత్రానికి చీలమండల చుట్టూ రెండు మూడు చొప్పున వరుసగా ఎర్రటి దద్దుర్లు లేచాయి. దోమలనుకుని చుట్టలు వెలిగించారు. నల్లులనుకుని మంచాలు ఎండలో వేశారు. తగ్గక ఆసుపత్రికి వచ్చారు.

"అమ్మా, మీ ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగితే ఆ తల్లి ఆశ్చర్యపోతుంది. "ఉందండీ సిస్టర్‌గారూ. కానీ పది రోజులుగా అది ఇంట్లోనే లేదు కదండీ!"

కుక్క లేకపోబట్టే ఆ పురుగులు పిల్లల మీద పడ్డాయి. అదెలాగో తెలిస్తే, కుక్కకు ఎన్నిసార్లు మందు పెట్టినా ఈ బాధ ఎందుకు వదలడం లేదో కూడా తెలుస్తుంది.

ఇది ఏ పురుగు?

కుక్క ఒంటి మీద ఏది కనబడినా మనం "పేలు" అనేస్తాం. గోమార్లు వేరు. కొన్ని ప్రాంతాల్లో వాటిని పిడుదులు అంటారు. అవి చర్మానికి అతుక్కుని, రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బుతాయి. ఇప్పుడు చెప్పుకునేవి ఫ్లీలు. పశువైద్యుల దగ్గరా మందుల షాపులోనూ ఈ పేరే వాడతారు. ఇవి గోధుమరంగులో నువ్వుగింజంత ఉంటాయి. రెండు పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా, రెక్కలు లేకుండా ఉంటాయి. వెంట్రుకల మధ్య చురుగ్గా పరుగెత్తుతాయి, పట్టుకోబోతే ఎగిరి దూకుతాయి.

పురుగు కంటికి దొరకకపోయినా దాని గుర్తు దొరుకుతుంది. కుక్క తోక మొదట్లో, నడుము మీద దువ్వెనతో దువ్వండి. మిరియం పొడిలాంటి నల్లటి నలుసులు రాలితే వాటిని తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక వ్యాపిస్తే అది మట్టి కాదు, ఫ్లీ విసర్జించిన రక్తం. కుక్క రాత్రంతా తోక దగ్గర కొరుక్కుంటూ, అక్కడ వెంట్రుకలు ఊడి పుండు పడుతున్నా అనుమానించాలి. కొన్ని కుక్కలకు ఫ్లీ ఉమ్మి పడదు. నాలుగైదు కాట్లకే ఒళ్లంతా గోక్కుంటాయి. చిన్న పిల్లకుక్కలకైతే ఫ్లీలు ఎక్కువగా పడితే రక్తం తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మనుషులకు దురద ఒక్కటే కాదు. కుక్క పొట్టలో ఉండే ఒక రకం బద్దెపురుగు ఫ్లీ ద్వారానే వ్యాపిస్తుంది. కుక్కతో ఆడుకునే చంటిపిల్లలు పొరపాటున ఫ్లీని మింగితే ఆ పురుగు పిల్లల కడుపులోకీ చేరుతుంది. దొడ్డికి వెళ్లినప్పుడు బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనబడితే డాక్టరుకు చూపించండి. మందు సులభమే. కానీ ఇంట్లో ఫ్లీలు అలాగే ఉంటే పిల్లవాడికీ కుక్కకూ మళ్లీ వస్తుంది. ఫ్లీల వల్ల వచ్చే టైఫస్ జ్వరాలు కూడా ఉన్నాయి. తగ్గని జ్వరంతో వచ్చినప్పుడు ఇంట్లో ఫ్లీలు, ఎలుకలు ఉన్నాయని చెప్పడం మరవకండి. 1994లో సూరత్ ప్లేగు వార్తలు విన్న పెద్దలు ఫ్లీ అనగానే భయపడతారు. ప్లేగును ముఖ్యంగా మోసేది ఎలుకల మీద ఉండే వేరే జాతి ఫ్లీ.

వందలో తొంభై ఐదు నేల మీదే

తల్లి ఫ్లీ కుక్క ఒంటి మీదే ఉండి రోజుకు 40, 50 దాకా గుడ్లు పెడుతుంది. గుడ్లు నున్నగా ఉంటాయి కాబట్టి వెంట్రుకలకు అంటుకోవు. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ దులుపుకుంటే అక్కడ రాలిపోతాయి. వాటిలోంచి సన్నటి పురుగులు వస్తాయి. వాటికి వెలుతురు గిట్టదు. మంచం కిందికి, నేల పగుళ్లలోకి, గోనెసంచి మడతల్లోకి దూరి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తం తిని పెరుగుతాయి. తరువాత జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ గూటికి దుమ్ము అంటుకుని నేలలో కలిసిపోతుంది, మనకు కనబడదు. మన వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి మూడు నాలుగు వారాలు చాలు.

గూటిలో ఉన్న ఫ్లీ తొందరపడదు. ఆహారం దగ్గరికి వచ్చిందని తెలిసేదాకా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి కాచుకుని ఉంటుంది. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, ఊపిరి తగలగానే బయటికి దూకుతుంది. తాళం వేసిన ఇంట్లో పది రోజులు జరిగింది ఇదే. తలుపు తీసి లోపలికి పరుగెత్తిన పిల్లల అడుగులే వాటిని లేపాయి. కుక్క ఉంటే ముందు దాని మీదికి వెళ్లేవి.

మొత్తం ఫ్లీలలో పెద్దవై కుక్క మీద ఉండేవి నూటికి ఐదు మాత్రమేననీ, మిగిలిన తొంభై ఐదు గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే ఉంటాయనీ పశువైద్యులు లెక్క చెబుతారు. కుక్కకు ఒకసారి స్నానం చేయించి ఊరుకుంటే ఎందుకు పోవో ఈ లెక్కే చెబుతుంది.

కాబట్టి చీపురు పని ముఖ్యం. కుక్క పడుకునే గుడ్డలు, గోనెలు వారానికొకసారి బాగా వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, మండుటెండలో ఆరవేయండి. మంచాల కింద, బీరువా వెనుక, గోడ మూలల్లో రోజూ ఊడ్చి, ఆ దుమ్మును సంచిలో మూటగట్టి పారేయండి. గుమ్మం అవతలికి ఊడ్చి వదిలేస్తే అవి మళ్లీ లోపలికే వస్తాయి. వసారా కింద నీడలో కుక్క గుంట తవ్వుకుని పడుకుంటుందా? ఆ మట్టిని తీసి ఎండలో పరచండి. ఎండకు, పొడికి పిల్లపురుగులు బతకవు. పగిలిన గచ్చును సిమెంటుతో పూడ్పించుకోగలిగితే ఇంకా మంచిది. ఇంట్లో పిచికారీ చేసే మందులు గూళ్లలో ఉన్నవాటిని సరిగా చంపలేవు. అందుకే మందు కొట్టిన తరువాత కూడా కొన్ని వారాలు ఫ్లీలు కనబడుతుంటాయి. మూడు నెలలు విడవకుండా చేస్తేనే ఇల్లు శుభ్రపడుతుంది.

పొలం మందు పుయ్యవద్దు

ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. పత్తికో మిరపకో కొట్టగా మిగిలిన మందును నీళ్లలో కలిపి కుక్కకు పోసేవారున్నారు. "పురుగుల మందే కదా" అంటారు. అది చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. కుక్క చొంగ కార్చి, వణికి, కొట్టుకుని చనిపోతుంది. దాన్ని కావలించుకున్న పిల్లవాడికీ అదే విషం అంటుతుంది. చెమటలు, వాంతులు, నోట నురగ, కండరాల అదురు, చూపు మసకబారడం కనబడితే క్షణం ఆలస్యం చేయకుండా బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లంతా కడిగి, ఆ మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. కిరోసిన్, ఫినాయిల్ కూడా కుక్క ఒంటికి తగలకూడదు. కుక్కల కోసం అమ్మే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి ప్రాణాంతకం. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మాట పశువైద్యుడికి ముందే చెప్పండి.

సరైన మందులు రెండు రకాలు. మెడ వెనుక చర్మం మీద చుక్కలుగా వేసేవి ఒకటి. వీటిలో ఫిప్రోనిల్ చాలాకాలంగా వాడుకలో ఉంది. రెండోది నోటి మాత్రలు. అఫాక్సోలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ సుమారు మూడు నెలలకొకటి. ఇవి గోమార్లకూ పనిచేస్తాయి. మాత్ర మందు కుక్క రక్తంలో ఉంటుంది. ఫ్లీ కరిచి తాగితేనే చస్తుంది. అందువల్ల మాత్ర వేసిన మర్నాడు ఒకటి రెండు కనబడితే మందు నకిలీదనుకోవద్దు. నేల మీద నుంచి కొత్తవి ఎక్కుతున్నాయన్నమాట.

మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది. కుక్కను ఎత్తుకుని కాటా మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసేయండి. ఖరీదు ఎక్కువని పెద్ద కుక్క మాత్ర కొని ముక్కలు చేసి రెండు కుక్కలకు పంచవద్దు. అవి అలా పంచడానికి చేసినవి కావు. ఈ జాతి మాత్రలతో కొన్ని కుక్కలకు వణుకు, మూర్ఛ రావచ్చని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే, లేదా అది బాగా చిన్న పిల్ల అయితే, పశువుల ఆసుపత్రిలో అడగకుండా వేయకండి.

మాత్ర మింగించే విధం

గిన్నెడు అన్నంలో మాత్ర కలిపి పెడితే చివరికి గిన్నె అడుగున మాత్ర ఒక్కటే మిగులుతుంది. ఈ అనుభవం కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఆకలి మీద ఉన్నప్పుడు, భోజనానికి ముందు ఇవ్వండి. ఉడికించిన కార్జం గానీ, కోడిగుడ్డు పచ్చసొన గానీ, నెయ్యి కలిపిన మెత్తటి ఇడ్లీ గానీ తీసుకుని మూడు చిన్న ఉండలు చేయండి. మొదటిది ఖాళీది. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు చూపించండి. మూడోదాని ఆశతో రెండోది నమలకుండా మింగేస్తుంది. మాత్ర పట్టుకున్న చేత్తో ఉండ చేయకండి. ఆ వాసన దానికి తెలిసిపోతుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కుక్కకు హాని చేస్తాయి, వాటిలో పెట్టవద్దు.

ఉండలకు లొంగని కుక్క అయితే, దాని పక్కన కూర్చోండి. ఎదురుగా నిలబడితే బెదురుతుంది. ఎడమచేత్తో పైదవడను కోరపళ్ల వెనుక బొటనవేలూ మిగతా వేళ్లతో పట్టుకుని తలను కొంచెం పైకెత్తండి. కుడిచేతి వేలితో కిందిదవడను దించి, మాత్రను నాలుక వెనుక భాగం మీద నడిమధ్యన పెట్టండి. ముందు పెడితే ఉమ్మేస్తుంది. వెంటనే నోరు మూసి, గొంతు కింద మెల్లగా నిమరండి. నాలుకతో ముక్కు నాకిందంటే మింగినట్టే. తరువాత కొంచెం నీళ్లు, దానికి ఇష్టమైనదేదైనా ఒక ముక్క ఇవ్వండి. రెండు గంటలలోపు కక్కేస్తే మళ్లీ వేయాలో వద్దో పశువైద్యుణ్ణే అడగండి.

గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి డాక్సీసైక్లిన్ రాస్తే సుమారు నాలుగు వారాలు రోజూ ఈ తంటా తప్పదు. ఆ మాత్ర గొంతులో ఆగితే పుండు పడుతుంది. అందుకని తిండితో, వెనుక నీళ్లతో ఇవ్వాలి. పాలు, పెరుగుతో మాత్రం ఇవ్వకూడదు, మందు ఒంటికి పట్టదు. రెండు రోజుల్లో కుక్క లేచి తిరిగిందని ఆపేసేవారే ఎక్కువ. ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

నోట్లో చెయ్యి పెట్టకూడని కుక్క

పైన చెప్పినదంతా ఆరోగ్యంగా ఉన్న, మీకు అలవాటైన, రేబిస్ టీకా వేయించిన కుక్క సంగతి. కుక్క ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, కిందిదవడ వేలాడేసి, మింగలేకపోతూ, గొంతు మారి అరుస్తుంటే ఎముక అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టి వెతకకండి. మాత్ర మింగించబోకండి. అది రేబిస్ కావచ్చు. పిల్లలను దూరంగా ఉంచి, వీలైతే కుక్కను గదిలో ఉంచి తలుపు వేసి, పశువైద్యుణ్ణి పిలవండి.

మాత్ర ఇచ్చేటప్పుడు మీ కుక్క పంటిగాటు పడినా, చేతి మీద పుండుకు దాని చొంగ తగిలినా అదే రోజు ఆసుపత్రికి రండి. ముందు పంపు కింద పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ అద్దవద్దు. "మా కుక్కే కదా" అని మానవద్దు. దాని టీకా కార్డు ఉంటే వెంట తెచ్చుకోండి. లేకపోయినా దాని కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి.