పుట్టగొడుగులకీ గోత్రాలున్నాయి!

పిల్లలూ, చాలా ఇళ్ళల్లో పెళ్ళి సంబంధం మాటకొస్తే పెద్దవాళ్ళు మొదట అడిగేది "మీ గోత్రమేమిటి?" అని. ఇద్దరిదీ ఒకటే అయితే ఆ సంబంధం వదిలేస్తారు. (మేనరికాల సంగతి వేరు, అది అమ్మమ్మనడగండి!) బూజు, ఈస్టు, పుట్టగొడుగులు చేరిన శిలీంధ్రాల లోకంలోనూ ఇలాంటి పద్ధతి ఒకటుంది.

చాలా శిలీంధ్రాల్లో ఆడ, మగ అనే తేడాకి బదులు "సంయోగ రకాలు" ఉంటాయి. రొట్టెల్లో వేసే ఈస్టుకి రెండే: 'ఎ', 'ఆల్ఫా'. మరి షైజోఫిలం కమ్యూన్ సంగతి చూడండి. ఎండుకొమ్మల మీద చిన్న చిన్న తెల్లటి విసనకర్రల్లా మొలిచే పుట్టగొడుగు ఇది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మణిపూర్లో, మలేషియాలో కూర వండుకుంటారు కూడా. దీని 'గోత్రాన్ని' రెండు జన్యు జట్లు నిర్ణయిస్తాయి. మొదటి జట్టులో ఒకదానికి 9 రూపాలు, రెండోదానికి 32. రెండో జట్టులో 9, 9. ఎక్కాలు వచ్చినవాళ్ళు గుణించండి: 288, 81. ఆ రెండూ గుణిస్తే 23,328! శాస్త్రజ్ఞులు అంచనా వేసిన రకాలు అన్నన్నమాట.

కలయిక పూర్తి కావాలంటే రెండు జట్లలోనూ తేడా ఉండాలి. ఒకే పుట్టగొడుగు నుంచి రాలిన సిద్ధబీజాలు తమలో తాము కలవడానికి సుమారు పావువంతు అవకాశమే. గాలికి కొట్టుకొచ్చిన పరాయి బీజంతో అయితే దాదాపు ఎప్పుడూ కుదురుతుంది.

ఇంత తతంగం ఎందుకు? ఒక ఈస్టుకి వేడిని తట్టుకునే మార్పు, మరోదానికి ఉప్పుని తట్టుకునే మార్పు వచ్చాయనుకోండి. కలయిక లేకపోతే రెండు మార్పులూ ఒకే వంశంలో ఒకదాని తర్వాత ఒకటి పుట్టేదాకా ఆగాలి. కలిస్తే ఒక్క తరంలోనే రెండూ ఒక బిడ్డకి చేరవచ్చు. 2005లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఈస్టు ప్రయోగం దీన్ని చూపించింది. సుఖంగా ఉన్నచోట కలయిక ఉన్నా లేకున్నా తేడా రాలేదు. కష్టమైన పరిస్థితుల్లో మాత్రం కలయిక ఉన్న ఈస్టు త్వరగా అలవాటుపడింది.

1928లో ఫ్లెమింగ్ చూసిన పెనిసిలియం బూజు జాతికి ఈ కలయికే లేదని చాలాకాలం అనుకున్నారు. 2013లో జర్మనీ శాస్త్రజ్ఞులు పెన్సిలిన్ తయారీకి వాడే బూజుని ఎదురు రకంతో కలిపి, చీకట్లో, గాలి బాగా తగ్గించి, ఓట్స్ జావలాంటి మేత పెట్టి వారాలపాటు ఉంచితే పిల్లలు పుట్టాయి! మందుల తయారీకి ఇది శుభవార్తే. కానీ ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ కూడా ఇలాగే కలుస్తుందని అంతకు కొన్నేళ్ళ ముందే తేలింది. మందుకి లొంగని గుణం కూడా ఆ దారినే ఒక వంశం నుంచి మరో వంశానికి పోగలదు.