రేకు మందం కాదు, బిగింపు చూడు

డెన్వర్

అల్లుడూ,

నువ్వు పాత టొయోటా ఫోర్‌రన్నర్ కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "రాళ్ళ మీదికి బండి ఎక్కిస్తాడట, నువ్వైనా కాస్త చెప్పరా" అని భారం నా మీద పెట్టింది. వద్దని చెప్పే మొహం నాకు లేదు. నేనూ ఆ రాళ్ళ మీద తిరిగేవాణ్ణే. కాబట్టి ఎలా వెళ్ళాలో చెబుతాను.

బండి అడుగును కాపాడే స్కిడ్ ప్లేట్ల గురించి నువ్వు పంపిన పట్టిక చూశాను. ప్రతిదాని పక్కనా మందం రాశావు, ధర రాశావు. అది బండికి ఎక్కడ బిగుస్తుందో ఒక్కదాని పక్కనా రాయలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నీ బండి బరువు దాదాపు 4,700 పౌండ్లు. ముందు చక్రం రాయి మీదినుంచి జారి కడుపు భాగం ఆ రాయి మీద కూర్చున్నప్పుడు, ఆ బరువులో పెద్ద వాటా అరచేయంత చోట పడుతుంది. బండి కదులుతూ దిగితే దెబ్బ ఇంకా గట్టిది. ఆ బరువు ప్లేటు మీదుగా బోల్టులకు, బ్రాకెట్లకు, అక్కణ్ణుంచి ఫ్రేమ్‌కు చేరాలి. ఈ దారిలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే విరుగుతుంది. మేకు వదులుగా ఉన్న గోడకు ఎంత మంచి అద్దం తగిలిస్తే మాత్రం ఏం లాభం? పల్చటి బ్రాకెట్లకు, రెండు చిన్న బోల్టులకు వేలాడే మందపాటి ప్లేటు దెబ్బ తగిలిన రోజు వంగి, తను కాపాడాల్సిన ఆయిల్ పాన్‌కే పొడుచుకుంటుంది.

అందుకని అమ్మేవాణ్ణి మొదట అడగాల్సింది మందం కాదు. ఎన్ని చోట్ల బిగుస్తుంది, అవన్నీ ఫ్రేమ్‌కూ క్రాస్‌మెంబర్‌కూ బిగుస్తాయా, లేక బాడీ రేకుకా అని అడుగు. బోల్టు తలలు ప్లేటు లోపలికి దిగి ఉన్నాయా, బయటికి పొడుచుకొచ్చాయా చూడు. పొడుచుకొచ్చిన తలలు రాతికి అరిగి గుండ్రమైపోతాయి, తర్వాత ఏ స్పానరూ పట్టదు. చివరగా, ఆ ప్లేటు కింద జాకీ పెట్టి బండి లేపవచ్చా అని అడుగు. నువ్వు లేపమని కాదు, జవాబు వినడానికి. "లేపవచ్చు" అని ధైర్యంగా చెప్పేవాడు బరువు దారి గురించి ఆలోచించినవాడు.

కొనేముందు ఒకసారి నీ బండి కింద పడుకుని ముందునుంచి వెనక్కి చూసుకుంటూ రా. రేడియేటర్ అడుగు, స్టీరింగ్ రాక్, ముందు డిఫరెన్షియల్, ఇంజన్ ఆయిల్ పాన్ (మన మెకానిక్కులు చాంబర్ అనేది దీన్నే), గేర్‌బాక్స్ పాన్, ట్రాన్స్‌ఫర్ కేస్, కెటలిటిక్ కన్వర్టర్, పెట్రోల్ ట్యాంకు, వెనక యాక్సిల్. ఒక్కొక్కదాన్ని చూసి ఒకటే ప్రశ్న వేసుకో: ఇది పగిలితే నేను ఇంటికి రాగలనా? సైలెన్సర్ గొట్టం నొక్కుకుంటే మోత వస్తుంది గానీ బండి నడుస్తుంది. చాంబర్‌కు చిల్లు పడితే కొద్ది నిమిషాల్లో ఇంజన్ చేతికి రాకుండా పోతుంది. ముందు చాంబర్, తర్వాత గేర్‌బాక్స్, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్, ట్యాంకు. డబ్బు ఖర్చు పెట్టే వరస కూడా ఇదే. మూడూ నాలుగూ ఒకేసారి కొంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఒక్కొక్కటిగా కొనుక్కో, తప్పేం లేదు.

కంపెనీ అమర్చినవి ఉన్నాయిగా అంటావేమో. ఉన్నాయి, కానీ వాటిలో కొన్ని గులకరాళ్ళను, బురదను ఆపడానికి పనికొచ్చే పల్చటి రేకులే. అదే కంపెనీ టీఆర్‌డీ ప్రో మోడల్‌కు ముందు భాగంలో పావు అంగుళం అల్యూమినియం ప్లేటు వేసి అమ్మింది. మామూలు మోడల్‌లో ఉన్నది చాలదని వాళ్ళకూ తెలుసన్నమాట. వేలితో కొట్టి చూడు, నీకే తెలుస్తుంది.

వెనక యాక్సిల్ సంగతి వేరు. నీ బండికి వెనక ఒకే గట్టి యాక్సిల్ ఉంది. దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియలే నేలకు దగ్గరగా వేలాడుతుంది. లిఫ్ట్ కిట్ వేయిస్తే బండి బాడీ లేస్తుంది గానీ ఆ ఉబ్బు అంగుళం కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. 265/70 సైజునుంచి 285/70 కి మారితే నీకు దక్కేది అర అంగుళం పైచిలుకు. కాబట్టి ఆ ఉబ్బు రాయికి ఎడమనా కుడినా అని చూసుకుని నడపడం నేర్చుకోవాలి. దానికి మారుగా కొనగలిగే వస్తువు లేదు.

ఇక లోహం. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం సాంద్రత మూడోవంతే. 3/16 అంగుళం ఉక్కు చదరపు అడుగుకు సుమారు 7.7 పౌండ్లు తూగుతుంది, పావు అంగుళం అల్యూమినియం మూడున్నర. కడుపు కింద 15 చదరపు అడుగులు కప్పావనుకో, ఉక్కు 115 పౌండ్లు, అల్యూమినియం 53. అల్యూమినియం పావు అంగుళం మందం ఉంటే వంగకుండా నిలబడే గుణంలో ఆ ఉక్కుకు దాదాపు 80 శాతం వస్తుంది. వంపును తట్టుకునే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది కనుక, లోహం మెత్తనిదైనా మందం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. తేడా ఉపరితలంలో ఉంది. ఉక్కు రాతి మీద జారుతుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి రాయి దాన్ని గీరి పట్టుకుంటుంది, బండి జారాల్సిన చోట ఆగిపోతుంది.

ఇందులో నీ ఊరి లెక్క కలపాలి. నువ్వుండేది మిషిగన్‌లో. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉక్కు ప్లేటు పూత మొదటి రాతికే గీసుకుపోతుంది, మొదటి చలికాలానికే తుప్పు మొదలవుతుంది. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదు గానీ, అది ఉక్కుకు ఆనుకున్న చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియమే కరుగుతుంది. రెండు లోహాలూ తడిలో తాకితే జరిగే పనే ఇది. ఆ చోట్ల నైలాన్ వాషరో రబ్బరు ముక్కో అడ్డం పెట్టాలి.

ఎక్కడికి వెళ్తావన్నది రెండో లెక్క. సిల్వర్ లేక్ ఇసుక తిన్నెల్లో తిరగడానికైతే ఈ ప్లేట్లేవీ అక్కర్లేదు, టైర్లలో గాలి తగ్గించడం తెలిస్తే చాలు. 2020 లో తెరిచిన హోలీ ఓక్స్ పార్కు పాత కంకర గనుల్లో కట్టింది. అక్కడ మెత్తటి దారుల్లో నేర్చుకుని, రాళ్ళ గుట్టల దగ్గర ముందు ప్లేటును పరీక్షించుకోవచ్చు. డ్రమండ్ ఐలాండ్‌లో మార్బుల్‌హెడ్ దగ్గర సున్నపురాతి మెట్లు ఉన్నాయి. అక్కడ ముందు చక్రాలు రెండూ దాటాక మధ్యభాగం అంచు మీద ఆనుతుంది. యూటాలోని మోయాబ్‌కు వెళ్దామని రాశావు. కేన్యన్‌లాండ్స్‌లో వంద మైళ్ళ వైట్ రిమ్ రోడ్డుకైతే ప్లేట్ల కన్నా మంచి టైర్లు, చాలినంత పెట్రోలు, నీళ్ళు, పార్కు పర్మిట్ ముఖ్యం. శాండ్ ఫ్లాట్స్‌లో ఫిన్స్ అండ్ థింగ్స్ దారికి వస్తే మధ్య ప్లేటు పని పడుతుంది. అక్కడి ఇసుకరాయి గరుకు కాగితంలా ఉంటుంది, మెత్తటి లోహాన్ని చెక్కేస్తుంది.

ఇవన్నీ కలిపి నా తీర్పు ఇది. ముందు ప్లేటు అల్యూమినియం తీసుకో. అది దెబ్బ తింటుంది గానీ ఎక్కువసేపు ఈడ్చుకుపోదు, పైగా ముందు భాగంలో బరువు తగ్గితే స్ప్రింగులకు మంచిది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కింద 3/16 ఉక్కు తీసుకో. బండి నిజంగా జారేది దాని మీదే. రెండూ కలిసే అంచులో రబ్బరు పెట్టు. బండిలో నలుగురు కూర్చుని, సామాను కూడా వేసుకున్నప్పుడు ఈ బరువు కూడా లెక్కలోకి వస్తుందని మర్చిపోకు. తలుపు అంచున అంటించిన స్టిక్కర్ మీద ఎంత మోయవచ్చో రాసి ఉంటుంది.

బిగించేటప్పుడు చేయాల్సినవి వరసగా చెబుతాను. బండి చల్లారాక మొదలుపెట్టు, కన్వర్టర్ వేడి చర్మాన్ని కాల్చేస్తుంది. చదునైన కాంక్రీటు మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ఫ్రేమ్ కింద జాక్ స్టాండ్లు నిలబెట్టు. ఎండాకాలం తారు రోడ్డు మీద ఈ పని పెట్టుకోకు, స్టాండు కాళ్ళు దిగబడతాయి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ వెళ్ళకు. ఫ్రేమ్ లోని బోల్టు రంధ్రాల్లో ఏళ్ళ తుప్పు, మట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి, వైర్ బ్రష్‌తో, తర్వాత సరైన సైజు ట్యాప్‌తో మరలు శుభ్రం చెయ్యి. ఈ పని ఎగ్గొట్టి బోల్టును బలవంతంగా తిప్పితే మర పోతుంది, లేదా ఫ్రేమ్ లోపల అతికించిన నట్టు ఊడి బోల్టుతో పాటే తిరుగుతుంది. అప్పుడు గంట పని రెండు రోజులవుతుంది.

ప్లేటును చేతులతో ఎత్తిపట్టకు. చిన్న జాకీ మీద చెక్క పెట్టి, దాని మీద ప్లేటు ఉంచి లేపు. బోల్టులన్నీ ముందు వేళ్ళతోనే సగం దాకా తిప్పు. అన్నీ పట్టాకే టార్క్ రెంచి తీసుకో. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే రంధ్రాలు కలవవు. ఎంత బిగించాలో ప్లేటుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, ఆ అంకెనే పాటించు. బోల్టు పట్టేయకుండా మరలకు యాంటీ సీజ్ రాస్తే రాపిడి తగ్గి అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి కాగితం పొడి మరలకు చెప్పిందా, రాసిన మరలకు చెప్పిందా చూసుకో. ఆ కాగితంలో లేని బోల్టులు వేయాల్సి వస్తే 8.8 తరగతికి తగ్గనివ్వకు. ఎవరైనా ఫ్రేమ్‌కు వెల్డింగ్ చేసేస్తానంటే ఒప్పుకోకు, రేపు గేర్‌బాక్స్ పని వస్తే ఊడదీయాలిగా.

బిగించాక ప్లేటుకూ చాంబర్‌కూ మధ్య, ప్లేటుకూ గొట్టాలకూ మధ్య ఖాళీ ఉందో లేదో టార్చి వేసి చూడు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. నిలబడి ఉన్నప్పుడు తాకనిది నడుస్తున్నప్పుడు తాకుతుంది. ఆయిల్ మార్చడానికి డ్రెయిన్ బోల్టుకూ ఫిల్టర్‌కూ రంధ్రాలు ఎదురుగా ఉన్నాయా చూసుకో, లేకపోతే ప్రతిసారీ ప్లేటు విప్పినందుకు షాపువాడు అదనంగా తీసుకుంటాడు. మొదటి వంద మైళ్ళ తర్వాత బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి తనిఖీ చెయ్యి. ప్రతి ట్రిప్పు తర్వాత ప్లేటు పైభాగంలో చేరిన బురద కడుగు. ఎండుగడ్డి అక్కడ ఇరుక్కుంటే కన్వర్టర్ వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. చలికాలం ముగిశాక ప్లేట్లు దించి ఉప్పు కడిగి, ఉక్కుదానికి గీతలున్న చోట పెయింటు వేసి మళ్ళీ బిగించు.

వారంటీ పోతుందన్న భయం నీకుంటే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం నీ వైపే ఉంది. వేరే కంపెనీ సామాను పెట్టావన్న ఒక్క కారణంతో వారంటీ తిరస్కరించకూడదు. ఆ సామాను వల్లే పాడైందని వాళ్ళు చూపించాలి. బిల్లులు, బిగించిన రోజు ఫోటోలు దాచుకో.

ఇంకో మాట. ఈ ప్లేటు కాపాడేది నీ ఇంజన్‌నే కాదు. కాలిఫోర్నియాలో రూబికాన్ ట్రెయిల్ మీద జార్జ్‌టౌన్ వాళ్ళు 1953 నుంచి జీపుల్లో ఊరేగింపుగా వెళ్తున్నారు. అదే దారి మీద చేరిన నూనె, మట్టి, మలినాల వల్ల 2009 లో ప్రాంతీయ నీటి బోర్డు శుభ్రం చేయమని ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. పగిలిన చాంబర్ నుంచి కారిన ఆయిల్ రాతి పగుళ్ళలోంచి వాగులోకి పోతుంది. అందుకే ప్లేటుతో పాటు నూనె పీల్చే గుడ్డలు, ఒక సంచీ బండిలో ఉంచు. ఈ దారులు తెరిచి ఉండాలంటే వాటిని వాడేవాళ్ళే శుభ్రంగా ఉంచాలి.

మంచి ప్లేటు ఉందని ధైర్యం పెరిగి వేగం పెంచేవాళ్ళను చాలామందిని చూశాను. ప్లేటు పొరపాటుకు ఇచ్చే రెండో అవకాశం మాత్రమే. అనుమానం ఉన్న ప్రతి రాయి దగ్గరా బండి దిగి చూడు, దారి చెప్పడానికి ముందు ఒకరిని నిలబెట్టు, లో రేంజిలో నత్తనడకన ఎక్కు. తెలియని దారికి ఒంటరిగా ఒకే బండితో వెళ్ళకు.

ఈ వారం ఏమీ కొనకు. బండి కింద పడుకుని ఫ్రేమ్ మీద ఎక్కడెక్కడ బోల్టు రంధ్రాలున్నాయో ఫోటోలు తీసి పంపు. నీ పట్టికలో ప్రతి ప్లేటు పక్కనా అది ఎక్కడ బిగుస్తుందో రాసి మళ్ళీ పంపు. ఆ గడి ఖాళీగా మిగిలినదాన్ని, ఎంత మందంగా ఉన్నా, ఎంత చవకైనా కొట్టెయ్యి.

మీ అమ్మకు నేను మాట్లాడతాను. మీ అత్త నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మామయ్య