స్టూలు ఎక్కొద్దంటే కోపమెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 69 ఏళ్లు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మా వీధిలో ఫ్యూజు పోతే ఇప్పటికీ నాకే కబురొస్తుంది. పోయిన నెల పక్కింట్లో ఫ్యాను విప్పబోతూ కళ్లు తిరిగి స్టూలు మీంచి పడ్డాను. మణికట్టు విరిగింది. బీపీకి, ప్రోస్టేటుకు మాత్రలు వాడుతున్నాను. పిల్లలు ఇక ఏదీ ముట్టుకోవద్దంటున్నారు. నాతో పనిచేసిన స్నేహితుడికి చిట్టీలో మళ్లీ హామీ సంతకం పెట్టానని మా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఒకప్పుడు స్తంభం మీద షాక్ కొడితే నన్ను కిందికి దించింది వాడే. కాదని ఎలా అనను? నిద్ర పట్టడం లేదు. ఎందుకూ పనికిరానివాణ్ణయ్యానని అనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు పడిన సంగతి చూద్దాం. ప్రోస్టేటుకు ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మాత్రలు, బీపీ మాత్రలు తోడైతే కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడమనండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే కళ్లు తిరగడానికి అదే కారణం కావచ్చు. మాత్రలు మీ అంతట మీరు మానకండి. మోతాదో, వేసుకునే వేళో మీ డాక్టరు మారుస్తారు. స్టూలంత ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగింది కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించుకోండి.

నిద్రలేమి, పనికిరాననే భావన రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమో చూడాలి. థైరాయిడ్, బి12 పరీక్షలూ అవసరమే. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం.

ఇక స్టూలూ సంతకమూ. ఈ రెండూ ఒకే ఉత్తరంలో రావడం నాకు యాదృచ్ఛికం అనిపించలేదు. ‘ఎవరడిగినా కాదనని మనిషి’ అని మీ గురించి మీరే ఒక బొమ్మ గీసుకున్నారు. ముప్పై ఏళ్ల వయసులో అది నిజం. ఇప్పుడు ఆ బొమ్మ చెడకుండా ఉండటానికి మీ మణికట్టు, మీ పెన్షను ఖర్చవుతున్నాయి. నన్ను నేను మినహాయించుకోవడం లేదు. ఎదురుగా వచ్చే బండ్ల లైట్లకు కళ్లు చెదురుతున్నా, రాత్రిపూట కారు నడపడం మానడానికి నాకు ఏడాది పట్టింది.

అలాగని పిల్లలన్నట్టు అన్నీ వదిలేయమని చెప్పను. అమెరికాలోని ఒహాయోలో యాభై దాటిన 660 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. తమ వృద్ధాప్యాన్ని మంచిగా చూసుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని తేలింది. ఆయుష్షు పెరగడానికి అదొక్కటే కారణమని రుజువైనట్టు కాదు గానీ, మనిషిని మూల కూర్చోబెట్టేముందు ఆలోచించాల్సిన మాటే. లైన్ ఎక్కేముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపారన్న అనుమతి) తీసుకునేవారు కదా, ఇప్పుడు మీ ఒంటి దగ్గరా తీసుకోండి. వీధిలో పని నేర్చుకునే కుర్రాడుంటే వాణ్ణి ఎక్కించి మీరు కింద నిలబడండి. ‘మెయిన్ ఆపావా?’ అని అడిగే పెద్దమనిషి అవసరం ఫ్యాను విప్పేవాడికన్నా తక్కువేం కాదు.

మీ స్నేహితుడి రుణం నిజమైనదే. కానీ హామీదారు బాకీదారుతో సమానంగా బాధ్యుడు, ఆ భారం మీ ఆవిడ మీదా పడుతుంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అనే వరస మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు వేసుకున్నారు. కట్టు వేసిన చేతికి ఇప్పుడు చొక్కా గుండీలు పెడుతున్నది ఎవరు? మాట్లాడకపోయినా ఆమే పెడుతూ ఉండాలి. ఈ ఒక్క చిట్టీ పూర్తయ్యేదాకా చూసి, ఇంకోదానికి సంతకం పెట్టలేనని వాడికి ఇప్పుడే చెప్పండి. మీ ఆవిడ పక్కనుండగా చెప్పండి. తర్వాత వాణ్ణి వెంటబెట్టుకుని బీపీ చూపించుకు రండి, వాడికీ మీ వయసే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు 72. వినికిడి యంత్రం పెట్టుకుంటే ముసలిదాన్నంటారని బీరువాలో దాచేసింది. ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించండి. 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు జబ్బుకు సరిదిద్దుకోగల కారణాలు 14 చెప్పింది, వినికిడి లోపం అందులో ఒకటి. యంత్రం కన్నా, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడమే మనిషిని ముసలిగా చూపిస్తుందని మెల్లగా చెప్పండి. కొత్తలో గిన్నెల చప్పుడు కూడా భరించలేనట్టుంటుంది. ఇంట్లోనే, మనవలు మాట్లాడే వేళ, రోజుకు గంటతో మొదలుపెట్టించండి.