ఓట్సు జావ రుచింపనివారికి

ఓట్సును మనవారిలో కొందఱు యవలని చెప్పుట కలదు. అది సరికాదు. యవలనగా బార్లీ, ఓట్సు వేఱొక ధాన్యము. చల్లనివియు తేమగలవియునగు సీమలలో, గోధుమ చక్కగా పండని నేలలయందు సైతము ఇది పండును. అందుచేతనే స్కాట్లాండు దేశస్థులకు బహుకాలము ఇదియే ముఖ్యాహారమై యుండెను. మన దేశమున దీనిని విశేషముగా పశుగ్రాసమునకై పండింతురు. అయినను నేడు మన పట్టణములలోని కిరాణా దుకాణములందు ఓట్సు అటుకులు పెట్టెలకు పెట్టెలుగా కనబడుచున్నవి. రక్తములో కొవ్వు గాని చక్కెర గాని హెచ్చినదని వైద్యుడు చెప్పిన మఱునాడే అనేకుల యిండ్లలో ఒక పెట్టె ప్రవేశించును. పెద్దలు రెండు దినములు దానిని నీళ్లలో నుడికించి, ముఖము చిట్లించుకొని త్రాగుదురు. మూడవనాటి నుండి ఆ పెట్టె అలమరలో పురుగుల పాలగును. ఔషధమువలె మ్రింగు ఆహారమును ఎవరును నెలల తరబడి తినజాలరు. నెలల తరబడి తినకున్న దానివలన ఫలమును లేదు. కాబట్టి ఇచ్చట రుచి యనునది చిన్న విషయము కాదు.

జావ యేల రుచింపదో మొదట విచారింతము. మా విద్యార్థి యొకడు దానిని కవరులంటించు జిగురుతో పోల్చెను. ఆ పోలిక మోటుదే గాని శాస్త్రసమ్మతము. ఓట్సులో బీటా గ్లూకను అను ఒక విధమైన పీచుపదార్థము గలదు. సామాన్యముగా పీచు నీటిలో కరగదు. ఇది మాత్రము కరగి, నీటిని చిక్కగను జిగటగను చేయును. నీరు ఎక్కువగా పోసి, ఎక్కువసేపు గరిటెతో కలియబెట్టినకొలది జిగట హెచ్చును. పిల్లలు గిన్నెలను ప్రక్కకు నెట్టుట ధాన్యముమీది అయిష్టముచేత కాదు, ఈ జిగటమీది అయిష్టముచేతనే.

అయితే ఓట్సువలని మేలునకు కారణమును ఈ జిగటయే. ప్రేగులలో నిది పైత్యరసమును పట్టుకొని వెలుపలికి కొనిపోవును. కొత్త పైత్యరసమును తయారుచేయుటకై కాలేయము రక్తములోని కొలెస్టరాలును వాడుకొనును. అందుచే రక్తములో నది తగ్గును. దినమునకు 3 గ్రాముల బీటా గ్లూకను ఇందుకు అనుకూలించునని పెట్టెలమీద వ్రాసికొనుటకు అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధ శాఖవారు 1997లో అనుమతించిరి. అంత లభించుటకు సుమారు 75 గ్రాముల ఎండు అటుకులు కావలెను. కాబట్టి జిగటను బొత్తిగా పోగొట్టనక్కఱలేదు. అది నాలుకకు తెలియకుండ చేసిన చాలును.

ఓట్సుతో పుట్టి పెరిగిన స్కాట్లాండువారును జావ మాత్రమే తిని యూరకుండలేదు. జావలో వారు పూర్వాచారముగా వేయునది చక్కెర కాదు, ఉప్పు. ఓట్సు పిండిని పలుచని రొట్టెలుగా చేసి పెనముమీద కరకరలాడునట్లు కాల్తురు. ఉల్లిపాయలను కొవ్వులో వేయించి అందులో ఓట్సు నూకను కలిపి ఎఱ్ఱగా వేపుదురు. చేపలకు ఆ నూకను పట్టించి వేయించుటయు కలదు. వీనిలో నెక్కడను జిగటలేదు. ఏలయన నీరు తక్కువ, వేడి ఎక్కువ. స్విట్జర్లాండులో బిర్చర్ బెన్నరు అను వైద్యుడు 1900 ప్రాంతమున వేఱొక మార్గమును కనిపెట్టెను. కొంచెము ఓట్సును రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉదయమున ఉడికింపకయే, నిమ్మరసమును, గట్టిపాలను, తురిమిన ఆపిలుపండును, బాదము వంటి గింజలను కలిపి రోగులకిచ్చెను. అందులో పండే హెచ్చు, ఓట్సు తక్కువ. ఆపిలునకు మాఱుగా మన జామపండును సన్నగా తఱిగి వేసినను బాగుండును.

ఇక మన వంటయింటి సంగతి. బొంబాయిరవ్వను వేయింపక ఉప్మా చేసిన నేమగునో మన తల్లులకు చెప్పనక్కఱలేదు. ఓట్సునకును అదియే న్యాయము. ఒక గిన్నెడు అటుకులను నూనె లేకుండ సన్నని సెగమీద నాలుగైదు నిమిషములు, కమ్మని వాసన వచ్చువఱకు, వేయించి తీసి యుంచవలెను. ఆవాలు, మినపపప్పు, పచ్చిమిర్చి, అల్లము, కరివేపాకు, ఉల్లిపాయలతో పోపు పెట్టి, ఒక గిన్నెకు మించకుండ నీరు పోసి, ఉప్పు వేసి, నీరు తెర్లినపిమ్మట అటుకులను వేయవలెను. జావకైనచో రెండు గిన్నెల నీరు పోయుదురు. తేడా యంతయు ఇచ్చటనే యున్నది. ఒకటి రెండు మాఱులు మాత్రము కలిపి, మూతపెట్టి, మూడు నిమిషములలో దింపి, కొంతసేపు కదల్పక యుంచవలెను. గరిటె త్రిప్పుచు నిలుచుండువారికి ఉప్మా రాదు, మరల జావయే వచ్చును.

అట్లు వేయుటకు ఒక గిన్నెడు ఓట్సును పొడిచేసి, అరగిన్నెడు బియ్యపుపిండిని, అరగిన్నెడు రవ్వను, పుల్లని మజ్జిగను కలిపి, రవ్వట్ల పిండివలె పలుచగా చేయుదురు. ఈ పిండి నిలిచినకొలది గట్టిపడును. అప్పుడు నీరు చేర్చుకొనవలెను. జీలకఱ్ఱయు మిరియములును వేసి బాగుగా కాలిన పెనముమీద పోసినచో అంచులు కరకరలాడును. నాకు అన్నిటికంటె నచ్చినది పెరుగు ఓట్సు. వేయించిన అటుకులను మెత్తగా నుడికించి, చల్లాఱిన పిమ్మట పెరుగు కలిపి, దద్ధ్యోదనమునకు వలె పోపు పెట్టవలెను. పులుపును కారమును ఉన్నచోట జిగట యెవరికిని తోచదు. ప్రక్కన కొంచెము మాగాయ యున్నచో ఇక చెప్పనేల! రక్తపుపోటు గలవారికి మాత్రము ఆ మాగాయను చూపకుండుట మేలు.

వేయించిన ఓట్సు పొడిని వేరుసెనగపప్పుతోను నువ్వులతోను బెల్లముతోను కలిపి కట్టిన ఉండలు బిడ్డల సాయంకాలపు చిరుతిండికి తగినవి. చక్కెర వ్యాధి గలవారు వానిని ముట్టరాదు. బెల్లమును రక్తములోని చక్కెరను హెచ్చించునదే. అట్టివారు రెండు నిమిషములలో నుడుకు మెత్తని రకమునుగాక మందపు అటుకులనే కొనవలెను. అవి నెమ్మదిగా జీర్ణమగును. మసాలా కలిపి అమ్ము చిన్న పొట్లములలో ఉప్పు ఎక్కువగా నుండుట కలదు గనుక పైనున్న పట్టికను చదివి మఱి కొనుడు. గోధుమ పడనివారు వైద్యుని అడిగి గాని ఓట్సును వాడరాదు.

రాగిజావ ఇష్టముగా త్రాగువారు దానిని మాని ఓట్సును వెదకికొననక్కఱలేదు. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. ఓట్సులో 50 ప్రాంతముననే యుండును. వెలయును రాగులకే తక్కువ. అయితే ఇంటికి వచ్చిన పెట్టె వ్యర్థము కారాదు. ఓట్సులో తక్కిన ధాన్యములకంటె నూనె అధికము గనుక గాలి తగిలినచో త్వరగా ముక్క వాసన పట్టును. పెట్టె విప్పిననాడే బిగువైన మూతగల డబ్బాలో పోసి, చల్లనిచోట నుంచి, నెలదినములకు సరిపడునంతయే కొనుచుండుడు.